కొసమింగి మింగిన తూముపాట

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో ఏడుకట్ల సీమ అని ఒక రాజ్యం ఉండేది. వాన వస్తుందంటే ఏ దేశంలోనైనా పిల్లలు గంతులేస్తారు. ఆ దేశంలో మాత్రం తూర్పున మబ్బు కనబడితే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. ఎందుకో చెబుతాను వినండి. మధ్యలో లేచిపోకండి. ఇది మధ్యలో లేచిపోయినవాళ్ళ కథే.

కొండ మీది నుంచి రాజధాని దాకా, ఒకదాని కింద ఒకటి, మెట్లు దిగినట్టు ఏడు చెరువులు ఉండేవి. వానలు ముదిరినప్పుడు అడుగు చెరువు తూము ముందు ఎత్తి జాగా చేయాలి. తరువాత దాని పైది, ఆ తరువాత ఆ పైది. ఏది ఎంతసేపు ఎత్తాలో, ఎప్పుడు దించాలో పాతకాలపు పెద్దలు ఒక పాటలో పెట్టి పోయారు. అదే తూముపాట. చెరువుకొక చరణం. బడిపిల్లలు కట్టల మీద నిలబడి పాడుతుంటే, చెరువు నీళ్ళు కాచే నీరుగంటి చరణం మొదట్లో తూము ఎత్తేవాడు, చరణం చివర దించేవాడు. పెద్దవాళ్ళ గొంతులు వాన హోరులో మునిగిపోతాయి. పిల్లల గొంతు సన్నగా దాన్ని చీల్చుకుని పోతుంది. అందుకే ఆ సీమలో చదువంటే ముందు తూముపాట, తరువాతే తక్కినవన్నీ. పాటకు ఒకటే నియమం: మొదలుపెడితే ఆపకూడదు.

ఒక ఎండాకాలం నెత్తిన గంపతో ఒక ముసలిది ఊళ్ళోకి వచ్చింది. గంప నిండా అరచేతిలో ఇమిడే అద్దాలు.

"రెప్పద్దాలమ్మో! దుడ్లొద్దు, గింజలొద్దు, సూస్తే సాలు!"

ఊరికే వస్తే ఎవరు కాదంటారు? ఆ అద్దంలో ఒక కోతి పిల్లికి జడ వేస్తూ ఉంటుంది. ముడి పడేలోగా బొమ్మ ఆగిపోతుంది. బొటనవేలితో అద్దాన్ని పైకి తోస్తే ఇంకొకటి వస్తుంది. మీసాలాయన ఒకడు అరటితొక్క మీద కాలు వేస్తాడు. పడ్డాడా, నిలదొక్కుకున్నాడా? తెలియదు. మళ్ళీ తొయ్యి. మళ్ళీ తొయ్యి. రెప్పపాటుకొక వింత, ఏ వింతకూ చివర లేదు.

బడిలో నంజుండయ్య అయ్యవారు పదమూడో ఎక్కం చెప్పమంటే పిల్లలు పదమూడు నాలుగుల దాకా వచ్చి గోడ వైపు చూసేవారు. వాళ్ళ తెలివికేమీ తక్కువ కాలేదు, నిలకడ పోయింది. పద్యం మొదటి పాదం అందరికీ వచ్చు. నాలుగో పాదం ఎవరికీ రాదు. అద్దాలు లాక్కోవలసిన అయ్యవారేమో ఉత్తరీయం చాటున తానూ ఒకటి దాచుకుని, పిల్లలు అటు తిరగ్గానే బొటనవేలు ఆడించేవాడు. ఇక ఎవరిని ఎవరు కొట్టాలి?

ఆ ఏడే పెద్దవాన వచ్చింది. పిల్లలు కట్టల మీద నిలబడి పాట ఎత్తుకున్నారు. మూడు చరణాలు నడిచాయి. నాలుగో చరణం మధ్యలో ఎవడి మొలలోనో అద్దం తళుక్కుమంది. ఒకడు చూశాడు, వాణ్ణి చూసి ఇంకొకడు చూశాడు. పాట ఆగింది. తూము ఎత్తి పట్టుకున్న నీరుగంటికి దించాలో ఉంచాలో తెలియలేదు. నాలుగో కట్ట తెగి, దాని కిందనున్న సాలెవీధి కొట్టుకుపోయింది. పై మూడు కట్టలు కూడా తెగి ఉంటే రాజధానే మిగిలేది కాదు. అవి ఎలా నిలిచాయో ఎవరికీ అంతుపట్టలేదు. పై నీరుగంట్లు మాత్రం పాట వినబడిందన్నారు. వాళ్ళకు చెవుల్లో వాన గింగురుమని ఉంటుందని జనం కొట్టిపారేశారు.

ఆ సాలెవీధిలోనే చౌడక్క ఇల్లు. ఆమె తండ్రి ఆ పొద్దు కట్ట మీదికి పోయి తిరిగి రాలేదు. తమ్ముడు దేవలయ్య ఆ ఏడు పాటకు ముందుగొంతు. వాడొక్కడే తండ్రి పక్కన ఉన్నాడు. ఏం జరిగిందో వాడికి తెలుసు. కానీ చెప్పలేడు.

ఎందుకంటే వరద తీసినాక ఊరికి కొత్త తెగులు పట్టింది. అద్దం చూసిన ప్రతివాడి మాటా సగంలో తెగిపోయేది. దేవలయ్య రోజూ అక్క దగ్గరికి వచ్చి కొంగు పట్టుకునేవాడు.

"అక్కా, ఆ పొద్దు నాయన..."

"ఊఁ, నాయన? సెప్పు నాయనా, సెప్పు."

వాడి పెదవులు కదిలేవి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, మాట మాత్రం వచ్చేది కాదు. వాడు మళ్ళీ మూలకు పోయి అద్దం తీసుకునేవాడు. వాళ్ళమ్మ ఈరమ్మ కూడా అంతే. దుఃఖం మరిచిపోదామని అద్దం పట్టింది, దుఃఖంతో పాటు పొయ్యి మీది కూడూ మరిచిపోయింది. చౌడక్కకూ ఒక అద్దం ఉండేది. కానీ దారాలు అతికేవాళ్ళకు రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. అందుకని ఆమెకు ఆ తెగులు సగమే అంటింది. మాట తెగేది కాదు గానీ, తూముపాట చివరి చరణాలు ఎంత తలుచుకున్నా గుర్తొచ్చేవి కావు. బొటనవేలు దానంతటదే గాలిలో కదిలేది.

రాజు ఇమ్మడి రాయడు దండోరా వేయించాడు. "పాట కొస తెచ్చినోళ్ళకు రాజుగారు..." అని డప్పు కొట్టేవాడు అక్కడే ఆగి, డప్పు వైపు తెల్లమొహం వేసుకుని చూశాడు. ఏమిస్తారో ఎవరికీ తెలియలేదు. బహుమానం సంగతి తెలియకపోయినా, అద్దాల ముసలిది పోయిన దారి పట్టి అడవికి పోయినవాళ్ళు ఉన్నారు, రాజభటులు. ఒక్కరూ తిరిగి రాలేదు.

మళ్ళీ వానకారు దగ్గర పడింది. చౌడక్క బురదతో పూడిన మగ్గం గుంత తవ్వి తండ్రి అచ్చు బయటికి తీసింది. అచ్చంటే నిలువున పరిచే పడుగు దారాలన్నీ దూరివచ్చే దువ్వెనలాంటి చట్రం. నేతగాడు బట్ట కోసినాక కూడా అచ్చులో మూరెడు దారాలు మిగులుస్తాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకే, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క దారమే మెలిపెట్టి అతుకుతాడు. మగ్గాన్ని ఉత్తది చేయడం సాలెవాళ్ళకు అశుభం. వరద అంత పని చేసినా అచ్చులో ఆ కొసలు అలాగే ఉన్నాయి.

చౌడక్క అచ్చును వీపుకు కట్టుకుని, కొంగున బూడిద మూట కట్టుకుని గడప దాటింది.

"అమ్మా, పాట కొస యాడుందో ఎతుక్కుంటా పోతాండా."

ఈరమ్మ అద్దం మీది నుంచి తల ఎత్తింది. ఒక్క క్షణం కళ్ళల్లో పాత అమ్మ కనబడింది. "జాగరత్త తల్లీ. పోయి..." అంది. అంతే. మాట తెగిపోయింది.

బయలుదేరేవాళ్ళతో 'పోయిరా' అనాలి గానీ ఉత్త 'పోయి' అని ఎవరైనా అంటారా? చౌడక్క ఆ మిగిలిన అక్షరం కోసం గడపలో కాసేపు నిలబడింది. అది రాలేదు. ఆమె పోయింది.

సీమ అంచున అరకొర అడవి. అక్కడ చెట్లు సగం పెరిగి ఆగిపోయాయి. కాయలు సగం పండి కుళ్ళిపోయాయి. వాగు కొంత దూరం పారి, ఎటు పోవాలో మరిచినట్టు నిలిచిపోయింది. పిట్ట 'కు' అంటుంది, 'హూ' అనదు. ఆ మధ్యలో ఒక పుట్ట, పుట్టలోంచి నెరిసిన గడ్డం, గడ్డం పైన రెండు కళ్ళు. ఎప్పటి నుంచి కూర్చున్నాడో ఆ ముని!

"సామీ, పాట కొస యాడ దొరుకుతాది?"

"చెబుతానమ్మా," అన్నాడు ముని. ఆయన మాటకూ మాటకూ మధ్య ఒక ఆవు మేసి రావచ్చు. "పూర్వం... ఈ అడవికి... ఉత్తరాన..."

చౌడక్క బొటనవేలు గాలిలో పైకి తోసింది. ముని ఠక్కున ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. "పూర్వం... ఈ అడవికి..."

"అది ఇన్నాను గదా సామీ! మిగతాది సెప్పు."

"విన్నావా? అయితే ఉత్తరాన ఏముంది?"

చౌడక్క నోరు తెరిచింది. గుర్తు లేదు. పుట్ట చుట్టూ చూస్తే, సగం విని లేచిపోయిన భటుల అడుగుజాడలు అన్ని దిక్కులా ఉన్నాయి.

"వాళ్ళూ నీలాగే 'తెలిసిందిలే' అని పోయారు తల్లీ," అన్నాడు ముని జాలిగా.

చౌడక్కకు ఏడుపొచ్చింది. అచ్చులోంచి వేలాడే ఒక దారంతో తన బొటనవేలిని అరచేతికి కట్టేసుకుంది. పొద్దు వాలేదాకా విన్నది. మొదట్లో ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. తరువాత చీమలు లేవు. ముని చెప్పిన దాంట్లో దారి గురించి ఉంది, నెమలి గురించి ఉంది. అసలు మాట మాత్రం అన్నిటికన్నా చివర వచ్చింది.

"మీ పాట కొస మింగింది కొసమింగి అనే రక్కసి. జనం సగంలో వదిలేసిన ప్రతిదాని కొసా దాని ఇంట్లో వేలాడుతుంది. అక్కడ ఏ కొసనూ లాగవద్దు. లాగితే తెగుతుంది, లాగినవాడి మాట కూడా దానితోనే పోతుంది. మీవాళ్ళు చేసే పనే నువ్వూ చెయ్యి."

ఉత్తరాన కొండదారిలో నెమలి ఎదురైంది. ఏనుగంత నెమలి. పురి విప్పితే ప్రతి కన్నులో ఒక వింత. దాని చుట్టూ రాజభటులు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. కాళ్ళకు నాచు పట్టింది, మీసాల్లో సాలెపురుగులు గూళ్ళు కట్టాయి.

"చూడవద్దన్నాడు ముని," అనుకుంటూ చౌడక్క తల దించుకుని నడిచింది.

"అమ్మీ!" అని ఎవరో పిలిచారు.

ఆ గొంతు ఆమెకు తెలుసు. తల ఎత్తింది. నెమలికన్నులో వాళ్ళ నాయన! మగ్గం గుంతలో కూర్చుని, చెవి మీద దారపు ముక్క పెట్టుకుని, నవ్వుతూ, పడుగు మధ్య అటూ ఇటూ తిరిగే నాడె విసిరాడు. బొమ్మ మారింది. మరో కన్నులో మళ్ళీ నాయన. చెయ్యి ఎత్తాడు, నాడె విసిరాడు. మారింది. మళ్ళీ నాయన.

పిల్లలూ, ఆమె అక్కడ ఎంతసేపు నిలబడిందో నేను చెప్పలేను. ఆకలి వేసింది, పోయింది. తీగలు మోకాళ్ళ దాకా అల్లుకున్నాయి. పోయినవాళ్ళు కనబడుతుంటే ఎవరు కదులుతారు? మీరైనా కదలరు, నేనైనా కదలను.

కానీ ఆమె సాలెపిల్ల. కళ్ళు నాయన మొహం మీద ఉన్నా చెవి నాడె మీద ఉంది. నాడె విసిరితే ఆ దరికి తగిలి టక్కుమనాలి. ఎన్నిసార్లు విసిరినా ఆ టక్కు వినబడలేదు. నాడె ఒక్కసారీ ఆ దరికి చేరలేదు.

"మా నాయన నాడెను నడిమధ్యలో యాపొద్దూ ఇడిసిపెట్టలేదు," అంది చౌడక్క మెల్లగా. "నువ్వు మా నాయన గాదు."

కళ్ళు మూసుకుంది. తీగలు తెంచుకుంది. వెనక నుంచి 'అమ్మీ, అమ్మీ' అని పిలుపు వినబడుతూనే ఉంది. ఆమె ఏడుస్తూనే నడిచింది.

కొసమింగి ఇల్లు ఒక గుహ. పైకప్పు నుంచి లెక్కలేనన్ని కొసలు వేలాడుతున్నాయి, నల్లటి పడుగులాగా. ఒక్కొక్కటీ గుసగుసలాడుతోంది. ఒకటి "...నూట ముప్పై" అంటోంది, ఎక్కం చివర. ఒకటి "...అన్నం తిన్నావా" అంటోంది. వాటి నడుమ అద్దాల గంప పక్కన పెట్టుకుని ఆ ముసలిదే కూర్చుని ఉంది. అన్ని మింగినా దాని పొట్ట వీపుకు అంటుకుపోయి ఉంది.

"రావే పిల్లా! నీ కొస ఏదో లాక్కోని పో. నేనేమైనా పట్టుకున్నానా?"

"లాగనవ్వా. అతుక్కుంటా."

"అవ్వా అంటాందే! దయ్యాన్నే నేను."

"దయ్యమైతే ఏం, ముసల్దానివేగదా."

చౌడక్క అచ్చును రెండు రాళ్ళ మధ్య నిలబెట్టింది. వేళ్ళకు బూడిద అద్దుకుంది. అచ్చులోని ఒక దారం పట్టుకుని "పదమూడు ఒకట్లు పదమూడు" అని మొదలుపెట్టింది. పైన ఒక కొస వణికింది. దాన్ని మెల్లగా దించి, దారానికి ఆనించి, మెలిపెట్టింది. అతుకు పడింది. ఊళ్ళో ఎవరు ఏ మాట మొదలుపెట్టి వదిలేశారో ఆమెకు తెలుసు. అన్నాళ్ళుగా ఆమె విన్నవి అవే కదా! ఒక్కొక్క మాటే తలుచుకుంటూ, ఒక్కొక్క దారమే అతుకుతూ పోయింది.

రక్కసి ఊరుకుంటుందా? "ఇటు సూడు, కోతి! అటు సూడు, రెక్కల గుర్రం! అదిగో, పాము ఈల ఏస్తాంది!" అంటూ గోడల నిండా అద్దాలు మెరిపించింది. చౌడక్క చూపు వేలికొసలు దాటలేదు. ఒక్కసారి మాత్రం తొందరపడి ఒక దారం దాటేసింది. పది అతుకులు ముందుకు పోయాక గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఒక్క దారం తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుందని నాయన చెప్పేవాడు. వెనక్కి వచ్చి, పది అతుకులూ విప్పి, మళ్ళీ వేసింది. వేలికొసలు చిట్లి బూడిద ఎర్రబడింది.

చివరికి మిగిలింది తూముపాట. మొదటి చరణం ఎత్తుకుని అతుకుతూ పాడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో చరణం దగ్గర నోరు ఆగింది.

"తర్వాత?" అన్నారు ఎవరో.

చౌడక్క తల ఎత్తింది. అడిగింది కొసమింగే. అద్దాలు జారవిడిచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉంది.

"ఎన్ని కొసలు మింగినా దేని మొదలూ నేను ఇనలేదే పిల్లా. తలకాయ లేని చేపలు తిన్నట్టుంటాది, ఆకలి తీరదు. తర్వాత ఏమైతాది? సెప్పవే."

చౌడక్క పాట కొసను దారానికి మెలిపెట్టింది. చరణాలు వేళ్ళ మీదుగా నోటికి వచ్చాయి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. పాట ముగిసేసరికి రక్కసి కళ్ళు వాలిపోయాయి. కథ మొత్తం విన్న పసిబిడ్డలాగా అది అక్కడే ముడుచుకుని పడుకుంది.

అచ్చులో ఒక్క దారం మిగిలింది. అది నాయనది. వరద పొద్దున ఆయన పడుగు సరిచేస్తూ, "అమ్మీ, ఈ పడుగు అయిపోనీ, నీకు..." అన్నాడు. అంతలో వాన మొదలై, కొడుకు కోసం కట్టకు పరుగెత్తాడు. చౌడక్క ఆ మాటను పదే పదే పలికింది. పైన ఏదీ వణకలేదు.

"మా నాయన మాట కొస యాడ పెట్టినావవ్వా?"

కొసమింగి కళ్ళు తెరవకుండానే గొణిగింది. "అది నా దగ్గర లేదే తల్లీ. జనం ఇడిసిపెట్టినవే నాకొస్తాయి. ఆయన ఇడిసిపెట్టలా. ఆయనకాడ్నించి వరద పెరుక్కునింది."

చౌడక్క ఆ దారాన్ని అలాగే వదిలేసి, అచ్చును మళ్ళీ వీపుకు కట్టుకుంది.

తిరుగుదారిలో నెమలి కన్నులు మసిబారి ఉన్నాయి. భటులు మీసాల్లోని సాలెగూళ్ళు దులుపుకుంటూ "మనం యాడికొచ్చినాం రా?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. అరకొర అడవిలో పిట్ట 'కుహూ' అని పూర్తిగా కూసింది. కానీ తూర్పున మబ్బు కాటుకలా కమ్ముకుని ఉంది.

ఈరమ్మ గడపలోనే నిలబడి ఉంది. ఆమె చేతిలోని అద్దం ఉత్త అద్దమైపోయింది. చిక్కిపోయిన తన మొహమే అందులో కనబడి అదిరిపడి ఉంది. కూతుర్ని చూడగానే ఆమె గొంతులో ఎన్నాళ్ళుగానో ఇరుక్కున్న అక్షరం బయటపడింది.

"...రా!" అంది. "రా తల్లీ, రా, రా."

ఏడవడానికి తీరిక లేదు. వాన దిగింది. పిల్లలంతా కట్టల మీదికి పరుగెత్తారు. దేవలయ్య ముందుగొంతు అందుకున్నాడు. మూడు చరణాలు నడిచాయి. నాలుగో చరణం మొదట్లో వాడి పాట తడబడింది. కళ్ళు కొత్తగా పోసిన కట్ట మీద నిలిచిపోయాయి. నీరుగంటి తూము పట్టుకుని వాడి వైపే చూశాడు. చౌడక్క అచ్చు తెచ్చి తమ్ముడి ముందు పెట్టి, వాడి వేలిని ఒక అతుకు మీద ఆనించింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. పాట కదిలింది. నాలుగు దాటింది, ఐదు దాటింది, ఏడోది ముగిసింది. ఆఖరి తూము దిగిన చప్పుడు కొండ కింది దాకా వినబడింది. ఏ కట్టా తెగలేదు.

అప్పుడు దేవలయ్య అక్క కొంగు పట్టుకున్నాడు.

"అక్కా, ఆ పొద్దు నాయన నన్ను కట్ట పైకి తోసి, తాను నీళ్ళ నడిమి తూమురాతి మీదికి దూకినాడు. ఆడ పాడితే కొండకు తగిలి పైకి పోతాదని. నేను ఆపేసిన పాట నాయన అందుకున్నాడక్కా. కట్ట తెగతాన్నా ఆపలేదు. ఏడో చరణం దాకా పాడినాడు. అయిపోయినాకనే..."

ఈసారి వాడు ఆగింది తెగులు వల్ల కాదు. పై నీరుగంట్లు తలపాగాలు తీసి చేతబట్టుకున్నారు. వాళ్ళ చెవులు అబద్ధం చెప్పలేదని అప్పటికి ఊరికి తెలిసింది.

దండోరావాడు డప్పు అందుకుని, ఏనాడో ఆపిన మాటను ముగించాడు. "...అడిగింది ఇస్తారహో!" రాజుకే తాను ఏం మాటిచ్చాడో అప్పుడు గుర్తొచ్చింది. చౌడక్క అర్ధరాజ్యం అడగలేదు. కొట్టుకుపోయిన సాలెవీధిలో మళ్ళీ మగ్గాలు, నాలుగో కట్ట మీద బడి అడిగింది. ఆ బడిలో పాట నేర్పే పెద్దరికం ఆమెదే అయింది. మొదట్లో కష్టమే. పిల్లలు చరణం మధ్యలో దిక్కులు చూసేవారు. నంజుండయ్య అయ్యవారి బొటనవేలైతే చాలా కాలం గాలిలో ఆడుతూనే ఉండేది. అలాంటప్పుడు చౌడక్క కోప్పడేది కాదు. ఒక దారపు ముక్క తెచ్చి ఆ వేలికి కట్టేది.

దేవలయ్య పెద్దవాడై, ఆ తండ్రి అచ్చు మీదనే కొత్త పడుగు అతికి, అక్క పెళ్ళికి పట్టుచీర నేశాడు. అంచు దగ్గర ఒక్క దారం మాత్రం అతకకుండా వదిలాడు. "నీకు" అని ఆగిన మాట ఏమై ఉంటుందో చౌడక్క ఆ చీర కట్టుకున్న ప్రతిసారీ ఒక తీరుగా అనుకునేదట.

ఇంతవరకూ లేవకుండా కూర్చున్నారు. మీకు అద్దం ఆశపెట్టినవాళ్ళు ఓడిపోయినట్టే. కథ కొస మీ చేతిలో పెట్టాను, జారవిడవకండి.